పెట్టెలో కనిపించని సర్టిఫికెట్లు

ఎవరికైనా దయ్యం పట్టిందని మా వీధిలో అంటే, పొద్దున ఏమైనా తిన్నదా అని ముందు అడిగే మనిషిని నేను. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఖాళీ కడుపు, నిద్ర చాలకపోవడం తప్ప ఇంకో దయ్యాన్ని నేను చూడలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, కంటితో చూసి చేత్తో తాకితే తప్ప దేన్నీ నమ్మను. కింద రాసింది చదివి మీరు నన్ను వేరే రకం మనిషి అనుకోకూడదని ముందే ఈ మాట చెబుతున్నాను.

మాది తిరుచానూరు. నేను, కొడుకు మునిరత్నం, కోడలు రెడ్డెమ్మ, మనవరాలు హేమ, మొత్తం నలుగురం. కొడుకుది రేణిగుంటలో గోడౌన్ పని. హేమ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివింది. అంటే డాక్టరూ కాదు, నర్సూ కాదు. డాక్టరు కంటే ముందు రోగిని చూసి వివరాలు రాయడం, ఆపరేషన్‌లో డాక్టరు పక్కన నిలబడి చెయ్యి అందించడం ఆ పని. ఇది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మా వీధికి ఇంకా అర్థం కాలేదు.

చదువు అయిన నెలకే రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి తిరుపతిలో పెద్ద ఆసుపత్రి. జీతం ఎక్కువ, మధ్యాహ్నం భోజనం వాళ్లదే, యూనిఫారం వాళ్లదే, వీధి చివరికి వ్యాను వస్తుంది. రెండోది చిత్తూరులో ఒక ఆడ సర్జన్ నడుపుకునే చిన్న ఆసుపత్రి. జీతం తక్కువ, అన్నం డబ్బా మనమే కట్టుకోవాలి. అక్కడ హేమ పిన్ని ఇంట్లో ఉండాలి.

పెద్ద ఆసుపత్రిలో చేరాలంటే రెండేళ్లు మాననని బాండు రాయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లకు అప్పగించాలి. రెండేళ్లు నిండాకే తిరిగి ఇస్తారు. చాలా చోట్ల ఇది మామూలే అని అందరూ అన్నారు.

హేమ నోటుబుక్కులో నడుమ గీత కొట్టి, ఒక పక్క ఒక ఉద్యోగం, ఇంకో పక్క ఇంకో ఉద్యోగం రాసుకుని వారం రోజులు దాన్నే చూస్తూ కూర్చుంది.

"పెద్దాసుపత్రోళ్లు ఏం పని ఇస్తారో కాగితంలో రాయలేదవ్వా. వాళ్లు చెప్పిన పని చేయాలంట," అంది.

"చెప్పిన పని చేయకుంటే జీతం యాడిస్తారుమే?" అన్నాను.

"చిత్తూరు మేడమ్ అయితే నన్ను ఆపరేషన్‌లో నిలబెట్టుకుంటానని రాసిచ్చింది."

"నిలబెట్టుకుంటాది సరే, అన్నం పెడతాదా?"

ఆ పిల్ల నోటుబుక్కు మూసేసింది. పెద్ద ఆసుపత్రి కావాలన్నది నేనే అని గుర్తు పెట్టుకోండి. మిగతా ముగ్గురూ నాకు ఎదురు చెప్పలేక ఊరుకున్నారు.

సోమవారం పదింటికి వెళ్లి చేరాలి. ఆదివారం సాయంత్రం అంగడిలో రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఒరిజినల్స్ తెచ్చి హేమ నా చేతికి ఇచ్చింది. నేను వాటిని పాత ఎర్ర చీర ముక్కలో చుట్టి రెండు ముళ్లు వేశాను. ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన పెట్టి, దాని మీద రెండు కలరా ఉండలు వేసి, తాళం వేశాను. ఆ పెట్టెకు ఒకటే తాళంచెవి. అది పిన్నీసుకు గుచ్చి నా రవికకే ఉంటుంది. స్నానానికి పోయినా నాతోనే.

సోమవారం ఏడున్నరకు తాళం తీశాను. మూట లేదు.

అన్నీ కిందికి తీశాను. రెండు పట్టుచీరలు, ఇంటి కాగితాలు, రేషన్ కార్డు, పాత పంచె, హేమ చిన్నప్పటి గౌను. పెట్టెను బోర్లించి తట్టాను. కోడలు ప్రతి చీరా విప్పి దులిపింది. కొడుకు టార్చి వేసి మూలలు చూశాడు. ఎర్ర గుడ్డ పోగు కూడా కనిపించలేదు. వెతుకుతున్నామని ఆసుపత్రి వాళ్లకు చూపించడానికి హేమ ఫోనులో ఫోటో తీసింది. ఖాళీ పెట్టె, చుట్టూ నేల మీద పరిచిన సామాను, పక్కన తల పట్టుకుని కూర్చున్న నేను.

"యాడన్నా పెట్టి మరిసిపోయుంటావత్తా," అంది కోడలు.

"నాకా మరుపు? నువ్వు పోయిన బుధవారం చింతపండు ఎంత తెచ్చినావో చెప్పమంటావా?" అన్నాను.

సామాను నేనే లోపల సర్ది, తాళం వేసి, జిరాక్సులు పట్టుకుని హేమతో ఆసుపత్రికి వెళ్లాను. నేను బతిమాలితే వింటారేమోనని ఆశ. కాగితాలు చూసే ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "ఒరిజినల్స్ లేకుంటే కుదరదు పెద్దమ్మా. అయిదు లోపల తెస్తే సరి. లేకుంటే ఇంకొకరిని పిలుస్తాం," అన్నాడు.

బయట కుర్చీల దగ్గర ఒక అమ్మాయి హేమను గుర్తుపట్టి కౌంటరు వెనక నుంచి వచ్చింది. హేమ కాలేజీలోనే ఏడాది ముందు అదే కోర్సు చదివిందట. ఈ ఆసుపత్రి యూనిఫారంలోనే ఉంది.

"నువ్వూ ఈడికే వస్తా ఉండావా?" అని గొంతు తగ్గించింది. "ఏడాదయింది హేమా, స్టెతస్కోపు బ్యాగులోనించి తీయలేదు. పొద్దున్నించి ఇన్సూరెన్సు కాగితాలే. ఒక్క రోగిని ముట్టుకుంటే ఒట్టు."

"మరి మానుకోవచ్చు కదమ్మా," అన్నాను నేను.

"నా సర్టిఫికెట్లు ఆ బీరువాలో ఉండాయవ్వా," అని గడ్డంతో చూపించింది.

బూడిదరంగు ఇనుప బీరువా. నేను దాన్ని కాసేపు చూశాను. ఆ పిల్ల చేతి గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి, రోగుల్ని చూసేవాళ్లకు నేర్పినట్టు. దాని వేళ్లకు మాత్రం స్టాంపు సిరా. నాకు ఎందుకో అది మనసులో పడింది.

మెట్లు దిగాక, "చిత్తూరు మేడమ్‌కు ఫోన్ చేయి," అన్నాను. హేమ నా నుదురు తాకి జ్వరం చూసింది.

ఆ మేడమ్ సర్టిఫికెట్లు పోయిన సంగతి విని, "జిరాక్సు చాలు, దొరికినప్పుడు ఒకసారి చూపించు. వాటిని పెట్టుకుని నేనేం చేసుకోను?" అంది. ఎల్లుండి ఏడింటికి ఆపరేషన్ ఉంది, రాగలవా అని అడిగింది. ఆమె మాట పూర్తికాకముందే హేమ వస్తానంది.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. ప్రయాణానికి పాత పంచెలో అన్నం డబ్బా మూట కట్టిద్దామని పెట్టె తాళం తీశాను. అన్నిటికంటే పైన ఎర్ర గుడ్డ మూట ఉంది. రెండు ముళ్లు, నేను వేసినవే. మీద రెండు కలరా ఉండలు.

పొద్దున మళ్లీ తాళం వేసినప్పటి నుంచి తాళంచెవి నా ఒంటి మీదే ఉంది. ఇంట్లో కోడలు ఒక్కతే ఉంది. తాళం పగలలేదు.

"ఇంకా టైముండాది, ఆటోలో పోతే అయిదు లోపల ఇచ్చేయొచ్చు," అని కోడలు నా ముఖం చూసింది.

నేను పెట్టె మూసేశాను. "చిత్తూరు బస్సు ఎన్నింటికో కనుక్కో," అన్నాను.

అప్పుడు మొదలైంది నవ్వు. హేమ నన్ను ఎత్తి తిప్పింది, నడుము పట్టేసింది. కొడుకు రాత్రి వచ్చి విని, "నాటకం బాగా ఆడినావమ్మా. పైకి పెద్దాసుపత్రి పెద్దాసుపత్రి అని, లోపల దాసిపెట్టేసినావు," అన్నాడు.

"అమ్మవారి మీద ఒట్టురా," అన్నాను.

"ఒట్టు కూడా ఎంత బాగా పెడతా ఉండావో."

తెల్లారేసరికి వీధంతా పాకింది. పూల అంగడి ఆమె నాకు మూర పూలు ఊరికే ఇచ్చింది, మనవరాలి కోసం ఎంత తెలివి చూపించావని. చేయని తెలివికి పూలు తీసుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ వాడిపోతాయని పెట్టుకున్నాను.

హేమ చేరి ఎనిమిది నెలలైంది. మొన్న ఫోన్ చేసి, "అవ్వా, ఈ రోజు కుట్లు నేనే వేసినా. మేడమ్ ఊరికే సూస్తా నిలబడింది," అంది. దాని గొంతు వింటే నాకు కడుపు నిండింది. ఇంకోసారి చెప్పమని మళ్లీ చెప్పించుకున్నాను.

ఆ పెట్టెకు అడుగున దొంగ అర ఏదీ లేదు. కొడుకు సుత్తితో కొట్టి చూశాడు. హేమ ఫోనులో ఫోటో ఇప్పటికీ ఉంది. పెద్దది చేసి చూస్తే గౌను మీది గుండీలు కూడా కనిపిస్తాయి, మూట కనిపించదు. నేను మరిచిపోయానేమో, నలుగురికీ ఒకేసారి కళ్లు పోయాయేమో అని ఎన్ని రకాలుగా ఆలోచించినా కుదరలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. ఉద్యోగం కాగితాలు వచ్చినవాళ్లు, "ఒక రాత్రి మీ పెట్టెలో పెట్టుకో అవ్వా," అని తెచ్చి ఇస్తున్నారు. ముందు అక్కడ పని చేసేవాళ్లను అడిగి రండి అని తిడతాను. తిట్టి, కాదనలేక పెడతాను. ఇప్పటికి ఆరుగురు తెచ్చారు. ప్రతిసారీ కాగితాలు పెట్టినచోటే ఉన్నాయి. ఆ ఉద్యోగాలన్నీ మంచివే అనుకోవాలో, మాది మామూలు రేకు పెట్టే అనుకోవాలో నాకు తెలియదు. అడిగినవాళ్లకు అదే చెబుతున్నాను.