బులూనో, నా దూది కోటు

మా హోయ్ అన్న పటాలంలో చేరిన రోజు వాళ్ళ నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడట. మంచి ఇనుముతో మేకులు కొట్టరు, మంచి కొడుకుని సిపాయిని చెయ్యరు అని మా చైనావాళ్ళ సామెత. పైగా అది ఇంగ్లీషువాళ్ళ పటాలం. హాంకాంగ్‌లో మావాళ్ళు తరాలుగా ఆ పటాలానికి కాపలా కాశారు, లారీలు తోలారు, వంట చేశారు. హోయ్ అన్నకి కాపలా కుక్కల్ని అప్పజెప్పారు. ఇరవై రెండేళ్ళు అదే పని.

నేను ఆ శిబిరంలో సిమెంటు మోసేవాణ్ణి. కుక్కల కొట్టాలకి గచ్చు పోసింది మేమే. అలా పరిచయం.

అన్న చివరి కుక్క పేరు కాగితాల్లో బ్రూనో. మా నోటికి ఆ 'బ్ర' తిరగదు. అన్న "బులూనో" అనేవాడు, అది ఆ పేరుకే పలికేది. తెల్ల సార్జెంటు బ్రూనో అని ఎంత అరిచినా చెవి కదిపేది కాదు. చివరికి ఆయనే బులూనో అనడం మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్ళకి ఒక దొరకి మన మాట నేర్పావన్నా," అన్నాను.

"నేను కాదురా, కుక్క నేర్పింది," అన్నాడు.

దొంగల్ని పట్టడం దాని పని. అది నేర్పడానికి అన్న చేతికి దూది కుక్కిన లావుపాటి తొడుగు వేసుకుని పైకెత్తేవాడు. అది ఎగిరి ఆ చేతిని పట్టేది. వదులు అంటే వదిలేసి కూర్చుని, బిస్కెట్ కోసం ఆయన వంక చూసేది. ఏడేళ్ళు రోజూ ఇదే.

తొంభై ఏడులో ఇంగ్లీషువాళ్ళు హాంకాంగ్‌ని చైనాకి అప్పగించి వెళ్ళిపోవాలి. అంతకుముందు చలికాలానికే శిబిరం ఖాళీ అవుతోంది. కొందరు సిపాయిలకి వాళ్ళ దేశం పాస్‌పోర్టులొచ్చాయి. అన్నకి రాలేదు. అడిగితే "అక్కడ చలి ఎక్కువరా" అనేవాడు. ఆయన దిగులంతా బులూనో గురించే. ముసలిది, కరవడం నేర్చింది, సూది వేసి చంపేస్తామన్నారు. అన్న ఉండేది సర్కారు కట్టిన మేడల వాటాల్లో, అక్కడ కుక్కల్ని ఉండనివ్వరు. పల్లెలో కూరగాయలు పండించే చెల్లెలు లిన్ తను పెట్టుకుంటానంది. అన్న నెలరోజులు కుక్కల డాక్టరు గది ముందు నిలబడ్డాడు. చివరికి డాక్టరు మెత్తబడ్డాడు. పది రోజులు జనం మధ్య తిప్పుతాం, ఎవర్నీ పట్టకపోతే తీసుకుపొమ్మన్నాడు.

తొమ్మిది రోజులు వంటవాళ్ళు, డ్రైవర్లు దాని పక్కనుంచే నడిచారు. వాసన చూసి ఊరుకుంది. లిన్ అయితే అప్పుడే దానికి గోనెసంచులతో పక్క కుట్టేసింది.

పదో రోజు పొద్దున ఎముకలు కొరికే ఉత్తరపు గాలి. మా మామ పాత దూది కోటు తొడుక్కుని, అన్నకి వేడి గంజి పట్టుకుని బయల్దేరాను. మైదానంలో అన్న, డాక్టరు, సార్జెంటు ఉన్నారు. గొలుసు లిన్ చేతిలో ఉంది. నేను గోడౌను మూల తిరిగి, అన్నా అని చెయ్యెత్తాను.

లిన్ చేతిలోంచి గొలుసు జారిపోయింది. మరుక్షణం కోటు చెయ్యి బులూనో నోట్లో ఉంది. పన్ను తగల్లేదు, దూదే పట్టింది. అన్న ఒక్కమాట అనగానే వదిలేసి, కూర్చుని, తోక ఆడిస్తూ ఆయన చేతివంక చూసింది.

"నాకేం కాలేదు. చూడన్నా, గీత కూడా పడలేదు. డాక్టరుతో చెప్పు," అన్నాను.

అన్న నా కోటు చెయ్యి పైకి తోసి చూశాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

"వద్దురా. లిన్ ఊళ్ళో ముసలివాళ్ళంతా తొడిగేది ఇలాంటి కోట్లే."

"అన్నా, నాదే తప్పు. ఈ కోటు..."

"కోటు ఏం చేసింది? నేను నేర్పిందే అది చేసింది."

సూది వేసేటప్పుడు దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు బిస్కెట్ ఇచ్చాడు. చెప్పిన పని చేసింది కదా, ఇవ్వాలన్నాడు. సార్జెంటు బులూనో అని మేం పలికినట్టే ఒకసారి పలికి, అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత అన్న కార్ల పార్కింగులో వాచ్‌మన్‌గా చేరాడు. నాతో ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. చలికాలంలో ఆయన ఇంటికి వెళ్ళినప్పుడల్లా, లిఫ్టు దగ్గరే కోటు విప్పి చంకలో పెట్టుకుంటాను.

"వణుకుతూ అదేంట్రా, తొడుక్కో," అంటాడు తలుపు తీసి.

లోపల ఏ కుక్కా లేదు. అయినా తొడుక్కోను.