ఆయిల్ లైటు ఆర్పుకోవడానికి ఆటోనగర్ దాకా

ఆయిల్ తగ్గిందంటూ మా డీజిల్ కారు కొన్నాళ్లుగా పసుపు లైటు వేసుకుని గోల పెడుతోంది. ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల తీసి చూస్తే మట్టం పై గీత కూడా దాటి ఉంది. అబద్ధమాడుతున్నది ఇంజిను అడుగున ఆయిల్ మట్టం చూసే సెన్సారేనని నాకు మొదటి రోజే తెలుసు. మా ఆయన వింటేనా! "పాత బండి, ఎక్కడో కారిపోతా ఉండుంటది. అమ్మేద్దాం" అంటూ ఉయ్యూరులో ఒకాయనకు బేరం కూడా చెప్పేశారు. కారు పోతే నేను పామర్రు నుంచి గన్నవరం దగ్గరి మా కాలేజీకి మళ్లీ బస్సులు మారాలి. ఆ బతుకు నాకొద్దు. అందుకే శనివారం సెలవు పెట్టి విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గరికి ప్రయాణం కట్టించాను. లైటు ఆరితే కారు ఉంటుంది, ఆరకపోతే ఉయ్యూరు వెళ్తుంది. అదీ మా ఒప్పందం.

ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. నేను తోలుతున్నాను. ఆయన పక్కన కూర్చుని రోడ్డు వదిలేసి లైటు వంకే చూస్తున్నారు. బందరు కాలువ మీద ఇంకా మంచు విడలేదు. కోసిన చేలల్లో మినుము పచ్చగా లేచింది. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక కాసేపు ఇరుక్కున్నాం.

కంకిపాడులో మా మరిది ఇంట్లో టిఫిను. ఉప్మా పెసరట్టు తింటుంటే మా తోటికోడలు "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ చేతులు అడ్డం పెట్టినా వడ్డిస్తూనే ఉంది. మరిది బయటికి వెళ్లి కారు చూసొచ్చాడు.

"లైటు ఇంకా పోలేదా వదినా? మొన్న మీరొచ్చినప్పుడు నేనో అర లీటరు పోశానే!"

నేను ఆయన వంక చూశాను. ఆయన పచ్చట్లో అట్టు ముంచుకుంటూ, "నేనూ ఇంకాస్త పోశాన్లే, పడుంటదని" అన్నారు.

మావాళ్లకు వడ్డనలో చెయ్యి బిగబట్టడం తెలియదు. ఆ మర్యాదే ఇంజినుకూ చేశారు. ఆయిల్ తక్కువైతే ఎంత చేటో, ఎక్కువైనా అంతే చేటు. నవ్వాలో కోప్పడాలో తెలియక రెండూ చేశాను. అక్కణ్ణుంచి నెమ్మదిగా తోలాను.

తొమ్మిదింటికి ఆటోనగర్ చేరాం. మీరూ వెళ్లేటట్లయితే బండి మోడల్ ముందే ఫోన్లో చెప్పండి, సెన్సారు తెప్పించి ఉంచుతారు. మా మెకానిక్ మస్తాన్ గారు ఇంజిను కాస్త చల్లారనిచ్చి, కిందికి దూరి ఆయిల్ వదిలారు. తట్ట నిండింది. ఇంకో తట్ట అందుకుంటూ "ఎవరండీ ఇంత పోసింది?" అని అడిగారు. మా ఆయన టీ తెస్తానని అటు వెళ్లిపోయారు.

పాత సెన్సారు నిండా మడ్డి పట్టి ఉంది. కొత్తది, దానికో కొత్త రబ్బరు రింగు బిగించి, ఫిల్టరు మార్చి, ఆయిల్ కొలిచి పోస్తుంటే మా ఆయన టీలతో వచ్చారు.

"ఇంకాస్త పొయ్యండి, పామర్రు దాకా వెళ్లాలి."

"అన్నం కాదు సార్, ఇంజినండీ. రెండు గీతల మధ్య ఉంటే చాలు."

ఎంత ధీమాగా ఉన్నా, దేవుడికో దండం పెట్టుకునే తాళం తిప్పాను. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఒక్కొక్కటే ఆరాయి. పసుపుది అన్నిటికన్నా ఆఖరున ఆరింది. నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా చప్పట్లు కొట్టాను. బెంజి సర్కిల్ దాకా ఒక చుట్టు తిప్పి, మెస్సులో గోంగూరతో భోజనం చేసి, మళ్లీ పుల్ల తీసి చూశాను. ఆయిల్ ఎక్కడుండాలో అక్కడే ఉంది.

తిరుగు ప్రయాణంలో కంకిపాడు దాటాక ఆయన ఫోను మోగింది. ఉయ్యూరు ఆయన. రేపు ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు.

"అమ్మట్లేదండీ" అన్నారు మా ఆయన. అవతల ఏదో అన్నట్టున్నాడు. "నేను బేరం చెప్పడమే పొరపాటండీ. అది మా ఆవిడ కారు."

చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి, ఉయ్యూరు రాకముందే గురక పెట్టారు. నేను తోలుతుండగా ఆయన నిద్రపోవడం అదే మొదటిసారి. గోతులు తప్పించుకుంటూ, హారన్ కొట్టకుండా ఇంటిదాకా తీసుకొచ్చాను.