మావయ్య విప్పేసిన షామియానా

నా చిన్నప్పుడు మా చిన్న మావయ్యకి సన్మానం చేస్తామని ఆశ్రమ పాఠశాల గ్రౌండులో షామియానా వేశారు. ఆ షామియానాని ఆ రోజే ఆయన తన చేతులతో విప్పేశాడు. ఎందుకలా చేశాడో తెలియాలంటే ముందు మావయ్య గురించి చెప్పాలి.

ఆయన మా అమ్మకి ఆఖరి తమ్ముడు. అరకులో జీపెక్కి, తారు రోడ్డు అయిపోయిన చోట దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, కొండెక్కితే మా ఊరు. కట్టెల మోపుతో ఆ కొండ ఎక్కి దిగిన కాళ్ళే వాడికి ఉద్యోగం తెచ్చాయని మా అమ్మమ్మ అనేది. విశాఖపట్నంలో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని వెళ్ళి, పరుగులో అందరికంటే ముందు వచ్చాడట. కొన్నేళ్ళకి కమాండోల్లో చేరాడు. విమానంలోంచి దూకడం, తాడు పట్టుకుని కొండచరియలెక్కడం, మంచులో రోజుల తరబడి కదలకుండా మాటు వేయడం ఆయన పని. ఒకసారి దెబ్బతిన్న ఇద్దరు తోటివాళ్ళని కాల్పుల మధ్యలోంచి ఒకరి తరవాత ఒకరిని వీపు మీద మోసుకొచ్చాడు. దానికి పెద్ద పతకం ఇచ్చారు. అంతకుముందు వచ్చినవీ అదీ కలిపి చొక్కా జేబు పైన చోటు చాలేది కాదు. ఇవేవీ ఆయన చెప్పగా మాకు తెలియలేదు. ఆయనతో పనిచేసిన స్నేహితుడొకరు మా ఊరు వచ్చినప్పుడు చెబితే తెలిశాయి. మేం పిల్లలం అడిగితే, "ఏటుందే గుంటా, పనే గదా" అనేసి చోడి అంబలి తాగుతూ కూర్చునేవాడు.

తొంభైల చివర్లో భుజానికి తూటా తగిలి, గాయం మానేదాకా సెలవు మీద ఇంటికి వచ్చాడు. సన్మానం అప్పుడు పెట్టుకున్నారు. మంచి వానాకాలం. ఆ బడి గెడ్డకి ఇవతల, రోడ్డు పక్క ఊళ్ళో ఉంది. నేను దాని హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్నాను. స్వాగత గీతం పాడేవాళ్ళలో నన్నూ నిలబెట్టారు.

ముఖ్య అతిథి, సర్కారులో పెద్ద పదవిలో ఉన్నాయన, పొద్దున్నే వస్తారన్నారు, రాలేదు. మావయ్య యూనిఫాం వేసుకుని, మెరూన్ టోపీ పెట్టుకుని స్టేజీ మీద కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ధింసా ఆడించడానికి పొలం పనులు మాన్పించి తెచ్చిన ఆడవాళ్ళు వరసలో నిలబడి నిలబడి నేల మీద కూలబడిపోయారు. మేమైతే దారిన పోయే జీపుని చూసి అతిథే అనుకుని పాట మొత్తం పాడేశాం. మధ్యాహ్నమైంది. వాన పట్టుకుంది. అన్నం అతిథి వచ్చాకే పెడతారట. నిర్వాహకుడు, ఆ ఊరి నాయకుడొకాయన, మైకులో "మరి కొద్ది క్షణాల్లో" అంటూనే ఉన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు వచ్చాడు మా పక్కింటి అక్క మొగుడు. నిలువునా తడిసిపోయి, ఊపిరందక స్టేజీ పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, దానికి నొప్పులొచ్చీసినాయి. డోలీలో తెచ్చినాం. గెడ్డ పొంగిపోనాది. నాను ఎలాగో ఈదుకొచ్చినాను, అది అవతలొడ్డునే ఉండిపోనాది."

మావయ్య లేచాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద హారన్లు మోగాయి. నిర్వాహకుడు పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కూకో బాబూ, పెద్దాయన వచ్చీసినారు. దండేయించుకుని ఎల్దువు గాని, ఐదే నిమిషాలు."

"ఆ గెడ్డకి సెప్పు, ఐదు నిమిషాలు ఆగమని" అన్నాడు మావయ్య.

స్టేజీ దిగి, షామియానా తాళ్ళు ఒక్కొక్కటే గుంజల నుంచి విప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు నిండిన గుడ్డ ఒక పక్కకి ఒరిగి, కుర్చీల మీద కుమ్మరించేసింది. జనం చెల్లాచెదురయ్యారు. తాళ్ళన్నీ మంచి భుజానికి వేసుకుని ఆయన గెడ్డ వైపు పరిగెత్తాడు. వెనకాల మేమంతా. అతిథికి ఎవరు ఏం చెప్పారో గాని, అదంతా తన కోసం ఏర్పాటు చేసిన కమాండో విన్యాసం అనుకున్నట్టున్నాడు, గొడుగు కింద నవ్వుకుంటూ తనూ వచ్చాడు. వెనకే అతని జీపూ వచ్చింది.

గెడ్డ ఎర్రగా, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతోంది. మావయ్య తాళ్ళు ముడేసి ఒక కొస చెట్టుకి, రెండో కొస నడుముకి కట్టుకుని దిగాడు. నడుమ ఒకసారి మునిగిపోయాడు. మా అమ్మ పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎలాగో తేలి, అవతలికి చేరి, తాడు బిగించి కట్టాడు. డోలీని మగవాళ్ళు తలల ఎత్తున పట్టుకుని, తాడు ఆసరాతో అడుగడుగూ వేసుకుంటూ వస్తుంటే, వరద వాళ్ళని తోసెయ్యకుండా ఆయన దిగువన నిలబడి ఆపుతూ వచ్చాడు. ఒడ్డున చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. డోలీలో అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. మావయ్య భుజం గాయం మళ్ళీ చిట్లి యూనిఫాం ఎర్రబడింది.

అతిథి దండ పట్టుకుని ముందుకొచ్చాడు. మావయ్య దాని వైపు చూడలేదు.

"మీ జీపు కావాలండి" అన్నాడు.

"సార్‌కి పాడేరులో మీటింగుంది" అని డ్రైవరు నసిగాడు. మావయ్య జీపు తలుపు తీసి అక్కని తనే పడుకోబెట్టాడు. అంతమంది ముందు కాదనలేక అతిథి తలూపాడు. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకాస్త ముందు తెచ్చుంటే దక్కేదని ఆస్పత్రిలో నర్సమ్మ అందట.

రెండు రోజులకి పేపర్లో మావయ్య ఫొటో వచ్చింది. వీరజవాను సాహసానికి అతిథి మురిసిపోయారని రాశారు. గెడ్డకి వంతెన లేదని గాని, బిడ్డ పోయిందని గాని ఒక్క ముక్క లేదు. అప్పటికి గెడ్డ తగ్గింది, నేను హాస్టల్ నుంచి ఆ పేపరు పట్టుకుని సంబరంగా ఇంటికి పరిగెత్తాను.

"మావా, నీ బొమ్మ ఏసినారు!"

ఆయన చూసి పేపరు పక్కన పెట్టేశాడు.

"అక్కడ శత్రువున్నాడే, ధైర్యం కావాల. పురిటికెల్లే ఆడమనిసికి ధైర్యమెందుకే? వంతెనుంటే సాలదా? అది కట్టాల్సినోళ్ళే వచ్చి నా ధైర్యానికి సప్పట్లు కొడతన్నారు."

భుజం మానాక వెళ్ళిపోయాడు. ఇంకా చాలా ఏళ్ళు చేశాడు, ఇంకా పతకాలొచ్చాయి. ఆఖరికి మోకాళ్ళు అరిగిపోయి, పదవీ విరమణ చేసి వచ్చి కాఫీ తోట వేసుకున్నాడు. వంతెన కోసం ఆఫీసులకి తిరిగేవాడు. వెళ్ళిన ప్రతి చోటా లేచి నిలబడేవారు, కుర్చీ వేసేవారు, టీ ఇచ్చేవారు, మీలాంటివారు దేశానికి గర్వకారణం అనేవారు. వంతెన మాటెత్తితే చూద్దాం అనేవారు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, "శత్రువైతే కనబడతాడు, కొట్టొచ్చు. ఈళ్ళు నవ్వుతారే. ఏటి సేత్తాం?" అనేవాడు. చివరికి వంతెన వచ్చింది. రిబ్బను కత్తిరించడానికి రమ్మని కబురు చేస్తే వెళ్ళలేదు. ఆ రోజంతా తోటలో కలుపు తీసుకుంటూ ఉండిపోయాడు.

నేను నర్సునై ఈ కొండల్లోనే పనిచేస్తున్నాను. వంతెన లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. "వానలో కూడా నడిచి వెళ్ళి పురుళ్ళు పోస్తారట, మీ ధైర్యానికి దండం పెట్టాలి" అంటుంటారు పట్నం నుంచి వచ్చినవాళ్ళు. మంచి మనసుతోనే అంటారు. నాకు మాత్రం చిరాకేస్తుంది. "దండం వద్దండీ, ఆ ఊరికి దారి ఎందుకు లేదో వెళ్ళి అడగండి" అంటాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. అయినా అనడం మానను.