డెబ్బై గజాల మైదానం

మా క్లబ్బును చూడటానికి వస్తామన్న ముగ్గురూ మూసారాంబాగ్ వంతెన దగ్గరే ఆగిపోయారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రోజు రోడ్డంతా వంటా వార్పు. తెలంగాణ కోసం జనం పొయ్యిలతో సహా రోడ్డెక్కిన రోజులవి. బస్సులు తిరగాల్సిన చోట రాళ్లు పేర్చి, గుండిగల్లో అన్నం వండుతున్నారు. ముగ్గురిలో పెద్దాయన నాకు ఫోన్ చేసి, మీ ఏరియా పరిస్థితి ఇలా ఉంది మేడం, చూడకుండానే రిపోర్టు రాసేస్తాం, ఏమీ అనుకోకండి అన్నారు.

ఏమీ అనుకోవద్దంటే తప్పకుండా ఏదో ఒకటి అనుకునే మనిషిని నేను. కారు అక్కడే ఉంచి పావుగంట ఆగమని చెప్పి, ఆటో మాట్లాడుకుని బయల్దేరాను.

ఆ ఏడాది జూనియర్ల జాతీయ విలువిద్య పోటీలు మన రాష్ట్రానికి వచ్చాయి. ఏ క్లబ్బు మైదానంలో జరపాలో ఆ ముగ్గురి రిపోర్టు చూసి రాష్ట్ర సంఘం తేల్చాలి. వడపోతలన్నీ అయ్యాక రెండు క్లబ్బులు మిగిలాయి. ఒకటి ఊరికి పడమట, అద్దాల మేడల వైపు ఉన్నది. పచ్చిక మైదానం, ఆటగాళ్లకు గదులు, క్యాంటీను అన్నీ ఉన్నాయి. రెండోది మాది. చంపాపేట్ దాటి ఎల్బీనగర్ వైపు వచ్చే దారిలో, కాలనీల మధ్య మిగిలిపోయిన పెద్ద ఖాళీ జాగా. ఒక రేకుల షెడ్డు, ఆరు గడ్డి టార్గెట్లు, బాణాలు దాటిపోకుండా వెనక ఒక మట్టికట్ట. మిగతా టార్గెట్లూ తెరలూ పోటీలకు సంఘమే పంపుతుంది, కావలసింది జాగా ఒక్కటే. నేను ఆ క్లబ్బుకు సెక్రటరీని, పొద్దంతా బళ్లో ఆటల టీచర్ని.

మాకు ఆ పోటీలు ఎందుకంత కావాలో చెప్పాలి. మా పిల్లలు ఎప్పుడు పోటీకి పోయినా ఇంకొకరి మైదానానికే పోయేవారు. తెల్లవారకముందే లేచి రెండు బస్సులు మారి, సంచుల్లో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని, అక్కడి గేటు కాపలాదారుకు మేమెవరమో చెప్పుకుని లోపలికి పోవాలి. ఎల్బీనగర్ అనగానే, అక్కడ విలువిద్య క్లబ్బు కూడా ఉందా అని నవ్వేవాళ్లు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దేశంలోని పిల్లలందరూ దారి అడుగుతూ మా దగ్గరికి రావాలి. నా పంతం అంతవరకే.

ఆ ముగ్గురినీ ఆటోలో ఇరికించి, సరూర్‌నగర్ చెరువు పక్క గల్లీల్లోంచి, ఆరేసిన చీరల కింద నుంచి, ఒకచోట పెళ్లి షామియానా లోపలి నుంచే మైదానానికి తీసుకొచ్చాను. దారి పొడుగునా పెద్దాయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే కూర్చున్నారు. మిగతా ఇద్దరూ ఆయన ఏమంటే దానికి తల ఊపడానికే వచ్చినట్టున్నారు.

మైదానంలో మా ప్రెసిడెంటు గారు, మా నాయన ఎదురు చూస్తున్నారు. ప్రెసిడెంటు గారిది కృష్ణా జిల్లా. బ్యాంకు ఉద్యోగంలో జార్ఖండ్ వైపు పనిచేసినప్పుడు విలువిద్య మీద మనసు పడి, రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని, ఈ క్లబ్బు పెట్టారు. ఉద్యమం మొదలయ్యాక, ఆంధ్రా ప్రెసిడెంటు మనకెందుకని ఒకరిద్దరు అన్నారు. ఆయన రాజీనామా కాగితం రాసుకొచ్చి నా చేతికిచ్చారు. నేను దాన్ని ఆయన ముందే చించేశాను. నేనూ సాయంత్రాలు ధర్నాలో కూర్చున్నదాన్నే. తెలంగాణ రావాలనుకోవడం వేరు, పిల్లలకు విల్లు పట్టడం నేర్పిన మనిషిని పొమ్మనడం వేరు.

మా నాయనది నల్గొండ దగ్గర పల్లె. పట్నం వచ్చి ప్లాట్లు కొలిచే పని పట్టుకున్నాడు. ఇటువైపు కాలనీల్లో సగం ఆయన తాడు పడ్డ తర్వాత లేచినవే. ఆ తాడుకు పది గజాలకొకటి చొప్పున ఎర్ర గుడ్డపీలికలు కట్టి ఉంటాయి. క్లబ్బు పెట్టినప్పుడు మైదానాన్ని కొలిచి గీతలు గీసిందీ, మేకులు కొట్టిందీ ఆయనే. కూలీ తీసుకోలేదు. నేను కొలిచిన జాగాలో నా బిడ్డ పని చేస్తోందని అందరికీ చెప్పుకునేవాడు.

పెద్దాయన సంచిలోంచి స్టీలు టేపు తీశారు. ఒక కొస టార్గెట్ దగ్గర, ఇంకో కొస బాణం వేసేవాళ్లు నిలబడే గీత దగ్గర. జూనియర్ల పోటీలకు ఆ రెండింటి మధ్య డెబ్బై మీటర్లు ఉండాలి. టేపు సాగింది, గీత చేరింది, ఆగింది. ఆయన వంగి చూశారు, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశారు, తర్వాత నవ్వారు.

"ఏంటి మేడం ఇది? అరవై నాలుగే ఉంది. నేషనల్స్ పెడతామంటారు, మీటరంటే ఏంటో తెలియదా?"

నాకు తల తీసేసినట్టయింది. నాకు అర్థం కాకముందే మా నాయన మొహం చూశాను. ఆయనకు అర్థమైపోయింది. చేతిలో ఉన్న తాడును చూసుకుంటున్నాడు.

జరిగింది ఇదీ. మైదానం గీసిన రోజు ప్రెసిడెంటు గారు రూల్సు పుస్తకం చూసి, డెబ్బై దగ్గర గీత గీయమన్నారు. డెబ్బై ఏమిటో ఆయన చెప్పలేదు, ఎందుకంటే ఆయన పుస్తకంలో ఉన్నవి మీటర్లే. మా నాయన అడగలేదు, ఎందుకంటే ఆయన జీవితంలో ఉన్నవి గజాలే. మన హైదరాబాదులో జాగాను ఎవరు మీటర్లలో కొన్నారు, ఎవరు అమ్మారు? నూట యాభై గజాల ఇల్లు, రెండు వందల గజాల ప్లాటు అంటామే తప్ప. డెబ్బై అన్నారు, డెబ్బై గజాలకు మేకు కొట్టాడు. ముప్పై అన్నారు, ముప్పై గజాలకు కొట్టాడు. అన్ని దూరాలూ ఒకే లెక్కన తగ్గాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కాదు, రావాల్సింది. నాకు రావాల్సింది. ఏ ఊరు పోటీకి పోయినా మొదటి రోజు మా పిల్లల బాణాలన్నీ కిందికి పడేవి. నడిమి పసుపు చుట్టులో పడాల్సినవి అడుగున తెల్ల చుట్టు దగ్గర, ఒక్కోసారి గడ్డి దాటి నేలలో. కొత్త చోటు, భయం అనుకునేదాన్ని. గుండె గట్టి చేసుకోండి, పిరికితనం వదలండి అని పిల్లలను తిట్టిపోశాను. ఆ తిట్లన్నీ తిరిగొచ్చి నా మీద పడ్డాయి.

పెద్దాయన అప్పటికే కాగితం మీద అరవై నాలుగు అని రాసి, టేపు చుట్టేస్తున్నారు. ఇక వెళ్దామా, దారి చూపించండి అన్నారు. తీసుకొచ్చిన దారి నాకు బాగా తెలుసు. తీసుకెళ్లే దారి మాత్రం ఆ క్షణంలో మరిచిపోయాను. వంటా వార్పు నాలుగింటికి గానీ ముగియదు సార్, అప్పటిదాకా ఆటోలు రావు అన్నాను. మా ఏరియాలో బంద్ ఉందని కదా వాళ్ల బాధ, ఆ బంద్ నాకు ఐదు గంటలు ఇచ్చింది.

అటు చూస్తే ఇద్దరు ముసలాళ్లు కొట్లాడుకుంటున్నారు. మీటర్లని నేను చెప్పలేదండీ, తప్పు నాది అని ప్రెసిడెంటు గారు. కొలిచినోన్ని నేను, అడగొద్దా సార్, తప్పు నాది అని మా నాయన. బయట రోడ్ల మీద ఆంధ్రావాళ్లూ తెలంగాణవాళ్లూ ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెడుతున్న కాలంలో, వీళ్లిద్దరూ తప్పు నాదంటే నాదని పంచాయితీ పెట్టుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరి మీదా కేకలేశాను. గీతను వెనక్కి జరుపుదాం, అంతే కదా అన్నాను.

టార్గెట్ల వెనక మట్టికట్ట, గీతను జరపడానికి వెనక చోటు లేదు. ఐదడుగుల దూరంలోనే షెడ్డు ఉంది. విళ్లూ బాణాలూ పెట్టుకోవడానికి ప్రెసిడెంటు గారు తన సొంత డబ్బుతో వేయించిన షెడ్డు అది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన అందులోనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను నోరు తెరిచి అడగలేకపోయాను.

"పీకేయండమ్మా," అన్నారు ఆయనే. "షెడ్డుదేముంది, మళ్లీ వేసుకోవచ్చు. గీత ముఖ్యం."

పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు చేశాను. బంద్ కాబట్టి కొందరు ఇళ్లలో ఉన్నారు, ఎక్కువమంది రోడ్డు మీద పొయ్యిల దగ్గరే ఉన్నారు. గరిటెలు పక్కవాళ్ల చేతిలో పెట్టి, పానాలూ సుత్తులూ పట్టుకుని వచ్చారు. రేకులు ఒక్కొక్కటే దిగాయి, ఇనప గుంజలు పెకలించి గుంతలు పూడ్చారు. మధ్యలో ఎవరో రోడ్డు మీద వండిన పులిహోర పెద్ద గిన్నెతో తెచ్చారు. పెద్దాయన మొదట వద్దన్నారు, తర్వాత రెండుసార్లు వడ్డించుకున్నారు.

మా నాయన మాత్రం తన తాడు ముట్టుకోలేదు. వాళ్ల టేపునే అడిగి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, డెబ్బై మీటర్ల దగ్గర కొత్త మేకు కొట్టాడు. గీతకు సున్నం పోశాడు. పెద్దాయన మళ్లీ వంగి కొలిచారు. డెబ్బై. వెంట్రుకవాసి తేడా లేదు.

మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి అప్పుడు గీత మీదికి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. వాళ్ల అమ్మానాన్నలు ఎల్బీనగర్‌లో పండ్ల బండి నడుపుతారు. మొదటి బాణం కిందికి పడింది, అచ్చం పోటీల్లో పడ్డట్టే. ఆ పిల్ల నా వైపు చూసింది. నీ భయం కాదమ్మా, మా కొలత అన్నాను. విల్లు మీది గురి సరిచేసుకుని వేసింది. నాలుగో బాణం పసుపులో పడింది, ఆ తర్వాతి రెండూ దాని పక్కనే.

నాలుగయింది. పెద్దాయన లేచి బట్టలు దులుపుకున్నారు. నేను కాగితం చూపించమన్నాను. అందులో అరవై నాలుగు అలాగే ఉంది.

"మేం వచ్చినప్పుడు ఉన్నదే రాయాలి మేడం, అది పద్ధతి."

"మీరింక పోలే గద సార్. ఇప్పుడు గూడ ఈడనే ఉన్నరు. ఇప్పుడున్నది రాయుండ్రి."

ఆయన మిగతా ఇద్దరినీ చూశారు. వాళ్ల చుట్టూ పానాలు పట్టుకున్న తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఎవరూ అడుగు ముందుకు వేయలేదు, దారికి అడ్డంగానూ లేరు. నేను పెన్ను చాచాను. మాకు ఇవ్వకపోతే ఇవ్వకండి, కానీ మా మైదానం పొట్టిదని రాసి మాత్రం పోవద్దు అన్నాను. ఆయన అరవై నాలుగు కొట్టేసి డెబ్బై రాశారు, పక్కన సంతకం పెట్టారు. దారి నాకు వెంటనే గుర్తొచ్చింది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. ప్రాంతంలో నెలకొన్న పరిస్థితుల దృష్ట్యా పోటీలను పడమటి క్లబ్బుకు ఇస్తున్నామని అందులో ఉంది. మైదానం గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పరిస్థితులంటే మేమే. మా పొయ్యిలు, మా జెండాలు, మా యాస. అది దాచుకోవడానికి కొలత అనే సాకు దొరికేది వాళ్లకు, ఆ సాకు నేను దొరకనివ్వలేదు. నిజమైన కారణాన్ని కాగితం మీద పెట్టాల్సి వచ్చింది వాళ్లకు. ఆ ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

పోటీలకు మా క్లబ్బు నుంచి ఆ పండ్ల బండివాళ్ల అమ్మాయి ఒక్కతే రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. మా నాయన నేనూ వస్తానని సంచి తగిలించుకుని బయల్దేరాడు. కోచ్‌నని చెప్పి నేను పాసు తీసుకున్నాను, ఆయన పాసు కోసం గేటు దగ్గర అరగంట వాదించాను. ముందురోజు ప్రాక్టీసులో ఆ పిల్ల మొదటి బాణం వేసింది. కళ్లు మూసుకోవాలనిపించింది నాకు. తెరిచే ఉంచాను. బాణం కిందికి పడలేదు. పసుపు చుట్టు అంచున, సరిగ్గా గురి ఎత్తులో దిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి మా పిల్ల ఇంకొకరి మైదానంలో తలెత్తి నిలబడింది.

ప్రాక్టీసు అయిపోయి మైదానం ఖాళీ అవుతుండగా మా నాయన సంచిలోంచి తాడు తీశాడు. ఎర్ర పీలికల చివర ఒక కొత్త పచ్చ పీలిక కట్టి ఉంది. నేను ఎప్పుడూ చూడలేదు. డెబ్బై ఆరున్నర గజాల దగ్గర కట్టాడట, అక్కడికి వాళ్ల డెబ్బై మీటర్లు వస్తాయట. అప్పుడు మా క్లబ్బును చూడటానికి వచ్చిన ఆ పెద్దాయనే టార్గెట్ల మధ్య తిరుగుతున్నారు. మా నాయన నేరుగా ఆయన దగ్గరికి పోయాడు.

"సార్, జర గీ కొస పట్టుకోండ్రి."

ఆయన పట్టుకున్నారు. మా నాయన తాడు వదులుతూ, వెనక్కి వెనక్కి నడిచి, గీత దగ్గర కూర్చున్నాడు. చుట్టూ ఉన్న వేరే రాష్ట్రాల కోచ్‌లు ఆగి చూస్తున్నారు. ఆయన తాడు బిగించి, పచ్చ పీలికను వేళ్లతో గీత మీద ఆనించి, తల వంచి ఒక కన్ను మూసి చూశాడు. తొందరపడలేదు. లేచి, తాడు మోచేతికి చుట్టుకుంటూ తిరిగి ఆయన దగ్గరికి వచ్చాడు.

"మంచిగనే ఉంది సార్," అన్నాడు. "పెట్టుకోండ్రి పోటీలు."