గుడిలో పేరు

మా అపార్ట్‌మెంటు కింద ఎవరో వంటగది గట్టుకు రాయి కోయిస్తున్నారు. తిరిగే చక్రం మీద నీళ్లు పడ్డప్పుడు లేచే తడి సున్నపు వాసన పైదాకా వచ్చింది. లేచి కిటికీ మూశాను. ఊరుకోలేక కిందికి దిగి, గేటు దగ్గర ఆ పనివాళ్ల పేర్లు ఎవరు రాసుకున్నారు, ఎందుకు రాసుకున్నారు అని వాచ్‌మన్‌ని ఆరా తీశాను. ఇది నా పాత జబ్బు. పేరు అడిగేవాళ్లను నేను నమ్మను.

బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి గనులున్న పల్లెల్లో మాదొకటి. ఎండాకాలంలో రాతిపొడి వేపాకుల మీద, ఆరేసిన చీరల మీద, సంగటి ముద్ద మీద కూడా తెల్లగా పడేది. వానకు అదంతా జారిపోయి రాళ్లు నల్లగా మెరుస్తుంటే మేం ఆడపిల్లలం ఫ్యాక్టరీ వెనక పారేసిన నున్నటి ముక్కలు ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. చలి మొదలైతే వెదురు పుల్లలకు రంగు కాగితాలంటించి నక్షత్రాలు చేసేవాళ్లం, ఇంటింటా చెనిక్కాయలు వేగేవి, బెల్లం, కొబ్బరి కలిపిన పొడి కజ్జికాయల్లోకి పోకముందే సగం మా నోళ్లలోకి పోయేది. పక్కింటి సుందరమ్మత్త మాత్రం తిట్టకుండా మా దోసిళ్లలో ఇంకాస్త పోసేది.

ఊరికి ఎడంగా ఉండే మా గేరిలో, అంటే మా వాడలో, మనిషికి రెండేసి పేర్లు. గుడిలో ఒకటి, బడిలో ఒకటి. గుడి అంటే మాకు ఏసుప్రభువు గుడే. నాయన గుడిలో దానియేలు, రేషన్ కార్డులో నాగన్న. నేను గుడిలో మార్త, బడిలో నాగలక్ష్మి. కిరస్తానం పేరు కాగితమెక్కితే కులం సర్టిఫికెట్ రాదు, అది లేకపోతే హాస్టల్లో సీటు రాదు. ప్రభువును నమ్ముకుంటే మా కులం పోయినట్టేనని సర్కారు మాట. ఊళ్లో హోటల్లో మాత్రం మా గ్లాసు ఎప్పట్లాగే బయట గూట్లో విడిగా ఉండేది. ఇదేం న్యాయమో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎవరడిగినా బడిపేరే చెప్పాలని, గుడిపేరు గేరి దాటకూడదని అమ్మ మాకు మాటలు వచ్చినప్పటి నుంచే నూరిపోసింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, క్రిస్మస్ ముందు ఆదివారం, పాస్టరయ్య పేతురు కథ చెప్పాడు. కోడి కూయకముందే ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కోసం నేను వెక్కివెక్కి ఏడ్చాను, నేనైతే అలా బొంకనని అక్కడే మొక్కుకున్నాను. బయటికొచ్చేసరికి గుడి ముందర జీపు. ఫ్యాక్టరీలో మోటారు పోయిందట. ఏది పోయినా మొదట మా గేరికే వచ్చేవాళ్లు. అందరూ దూరంగా జరిగారు, సుందరమ్మత్త మాత్రం భయపడుతూనే పోలీసాయనకు చెంబుతో నీళ్లిస్తోంది. ఆయన చేతిలోని కాగితం చూసి, నాగన్న కూతురివి నువ్వేనా అని నన్నడిగాడు. నాకు పేతురు గుర్తొచ్చాడు.

"కాదు సార్. మా నాయన పేరు దానియేలు."

ఆయన నవ్వాడు. జీపు మా ఇంటికి పోయింది. ఒంట్లో బాగాలేక ఆ రోజు గుడికి రాని నాయన, అలవాటు ప్రకారం, తన పేరు నాగన్న అన్నాడు. మరి దానియేలు ఎవడని అడిగారు. రెండు పేర్లు పెట్టుకునేది దొంగలేనని అమ్మ ఎదుటే చెంప పగలగొట్టి జీపెక్కించారు. నాలుగో రోజు నాయన నడుచుకుంటూ వచ్చాడు. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ ముడుచుకోలేదు, గనిలో ఉలి పట్టి రాయి కొట్టడం అంతటితో సరి. మోటారు తర్వాత ఫ్యాక్టరీ యజమాని బావమరిది బావి దగ్గర దొరికింది. దాని గురించి ఎవరూ మాకు ఒక్క మాట చెప్పలేదు.

గుడిపేరు గేరి దాటిందంటే చెప్పింది మనలో మనిషేనని అమ్మ తేల్చింది. పోలీసుకు నీళ్లిచ్చింది ఎవరు? సుందరమ్మ. అధికారుల కోసం ప్రార్థించమని పాస్టరయ్య అంటే అందరూ కళ్లు మూసుకున్నారు, అమ్మ మాత్రం ఎవరు తల దించుతున్నారో చూస్తూ కూర్చుంది. అత్తతో మాటలు ఆగిపోయాయి, ఆమె పంపిన కజ్జికాయలు వాకిట్లో కుక్కల పాలయ్యాయి. నేను నోరు విప్పలేదు. భయం. కొట్టినవాణ్ని మేమెవరం నిలదీయలేదు, అనుమానమంతా మాలో మేమే పంచుకున్నాం. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

పోయిన వేసవిలో ఊరికి పోయినప్పుడు ఇక ఆగలేక, ఆ రోజు గుడిపేరు చెప్పింది నేనేనని నాయనతో చెప్పేశాను. ఆయన తలెత్తలేదు.

"నాకు తెలుసులేమ్మా. నీ కూతురే చెప్పిందిరా అని ఆ పోలీసాయప్పే చెప్పె. వచ్చినంక సుందరమ్మకాడికి పోయి, నీ మీద పడిన మాట తీసేస్తానంటి. వద్దనె. పిల్ల పేరెత్తితే కన్నతల్లే దాన్ని జన్మంతా అనుమానంగా చూస్తాది, ఆ చూపేదో నా మీదనే ఉండనీ అనె."

ఒకరి నేరం ఇంకొకరు మోయడమనే మాట నేను గుడిలో వేలసార్లు విన్నాను. అది గోడ అవతలే పాతికేళ్లు బతికిందని ఆ రోజు తెలిసింది. సుందరమ్మత్త పోయి ఆరేళ్లు. ఆ ఇల్లు కూలిపోయింది, గుడికి కొత్త స్లాబు, మైకులు వచ్చాయి, గేరిలో పిల్లలకు ఇప్పుడు ఒక్కటే పేరు, అదీ బడిపేరే. దానియేళ్లు, మార్తలు నాయన తరంతో, నాతో సరి.

వాకిట్లో బియ్యం ఏరుతున్న అమ్మ అంతా వినింది. చాట పక్కన పెట్టింది.

"ఆయమ్మ సచ్చినపొద్దు తలుపేసుకొని కూసుంటి గదే," అంది. "కడసూపుకు గూడ పోకపోతి."