రెండు మిషన్ల కాగితం

గోరిమేడులో బస్సెక్కి కూర్చున్నాను, ఒళ్లో ఒక కాగితంతో. మా ల్యాబుకు కొత్త మిషన్ వచ్చింది. కొలెస్ట్రాల్ కొలవడంలో అది పాతదానితో సరిపోతుందో లేదో చూడాలి. ఒకే నెత్తురును రెండింటిలోనూ పెట్టి, వచ్చిన అంకెలు పక్కపక్కన రాయడం అప్పట్లో నా పని. నెల రోజులుగా నాకు మనుషులు కనబడడం మానేశారు, అంకెలే కనబడేవి. దానికి బాధ కూడా వేయలేదు.

పక్క సీటు పెద్దావిడ కాగితంలోకి తొంగి చూసింది.

"ఇదేంది నాయనా?"

చెప్పాను.

"రెండూ ఒకటే చెప్తా వుండాయా?"

"దాదాపు ఒకటేనమ్మా."

"మా ఆయనకీ అంకె ఎప్పుడూ బాగానే వచ్చేది. పరీక్ష అంటే చాలు, పది దినాల ముందే నూనె మానేసి వట్టి బియ్యం కంజి తాగేవాడు, డాక్టరు తిడతాడని. రిపోర్టు వచ్చిన పూటే బజ్జీలు. మాత్ర అక్కర్లేదని డాక్టరే చెప్పినాడు." దిగాల్సిన స్టాపు పేరు చెప్పినట్టు అంది: "పోయిన ఆడి నెలలో గుండె ఆగిపోయింది. మిషన్‌ది తప్పు లేదు నాయనా. ఆ కంజి కాచి ఇచ్చింది నేనే."

ఇందిరా నగర్‌లో దిగిపోయింది. నేను మళ్లీ కాగితంలోని అంకెలు చూసుకున్నాను.

రెండు మిషన్లూ సరిపోయాయని మర్నాడు సంతకం పెట్టాను.

ఇప్పుడు నెత్తురు తీసే ముందు, ఈ పది రోజులూ ఏం తిన్నారని అందరినీ అడుగుతాను. కంజి అన్నవాళ్లను, సూది పక్కన పెట్టి, ఇంటికెళ్లి ఓ పది రోజులు మామూలుగా తిని రమ్మంటాను.