గీత ముందు బెల్ కొట్టిన రత్నం అత్త

నిన్న ఉదయం కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసేసరికి నాన్న దగ్గర్నుంచి వరసగా మిస్డ్ కాల్స్.

బయటికొచ్చి చేశాను.

"రత్నం అత్త పోయిందమ్మా" అన్నారు. నిద్రలోనే వెళ్ళిపోయిందట.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఈ ఆదివారం ఇద్దరం కలిసి చూడాల్సిన ఎపిసోడ్ ఇంకా ఉంది.

మీలో చాలామందికి ఆవిడ బందరులో ఆటల టీచరుగా తెలుసు. నాకు మేనత్త.

కొన్ని నెలలుగా మేమిద్దరం నా ఫోన్‌లో ఒక జపాన్ అనిమే కార్టూన్ సీరియల్ చూస్తున్నాం. హైస్కూల్ సైకిల్ రేస్ క్లబ్ కథ. నేను సబ్‌టైటిల్ చదివి చెప్పేలోపే అత్తకు అర్థమైపోయేది.

"ఆ పొడుగాడు అలిసిపోయాడు చూడు. ఇంకా ముందే ఉన్నాడేం? పక్కకి జరగరా! వెనకవాణ్ణి రానీ!"

"అత్తా, వాళ్ళకి వినపడదు."

"వినపడకపోతే ఓడిపోతారు, నాకేం?"

రేసంతా ముందుండి గాలికి అడ్డంగా తొక్కిన కుర్రాడు చివర్లో వెనకబడిపోతే నాకు బాధేసింది. పాపం, ఇతను గెలవలేదే అన్నాను.

"వాళ్ళ క్లబ్ గెలిచిందిగా! కాన్వెంట్‌లో చదివి ఏం లాభమే నువ్వు?"

ఆ రోజే తన కథ చెప్పింది.

డెబ్బైల చివర్లో అత్త బందరులో అమ్మాయిల హైస్కూల్లో పదో తరగతి. ఇల్లు పెడనలో. అక్కణ్ణుంచి నలుగురు అమ్మాయిలు లంగా ఓణీలు బిగించి కట్టి, నాన్నల సైకిళ్ళ మీద బడికి వెళ్ళేవారు.

బందరు వైపు ఎప్పుడూ ఎదురుగాలే. ముందున్నవాళ్ళు గాలి కాస్తే వెనకవాళ్ళకి తొక్కడం సులువు, అందుకని ఒకరి వెనక ఒకరు వెళ్ళేవారు. ముందున్న అమ్మాయి అలిసిపోతే రెండుసార్లు బెల్ కొట్టి కుడిపక్కకి జరుగుతుంది. వెనకున్న అమ్మాయి ముందుకొస్తుంది.

ఇది వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. డ్రిల్ టీచరుగారు ఒకరోజు దారిలో చూసి, ముచ్చటపడి స్కూల్లో సైకిల్ క్లబ్ పెట్టారు.

ఆ ఏడు హైస్కూల్ అమ్మాయిలకు గుడ్లవల్లేరు నుంచి బందరు కోనేరు సెంటర్ దాకా రేస్. ఫస్ట్ ప్రైజ్ కొత్త లేడీస్ సైకిల్.

అత్తకు ఆ సైకిల్ కావాలి. పరీక్షలయ్యాక తన సైకిల్ తనకిచ్చేయమని తాతయ్య ముందే చెప్పేశారు. ఆయన పనికి అదే ఆధారం. సైకిల్ లేకపోతే బందరు కాలేజీ లేదు. చదువు పదో తరగతితో సరి.

రేసులో కూడా నలుగురూ వరసలోనే తొక్కారు. మిగతా స్కూళ్ళ పిల్లలు ఎవరికి వారు గాలితో కుస్తీపట్టి వెనకబడిపోయారు. కోనేరు సెంటర్ దగ్గరకు వచ్చేసరికి అత్త ముందు. వెనకే ప్రాణస్నేహితురాలు ఫాతిమా.

రోడ్డు మీద సున్నంతో గీత గీశారు. అటూ ఇటూ జనం.

తల వంచుకుని తొక్కుతున్న అత్త ఆ గీత చూడలేదు. కాళ్ళు లాగేస్తున్నాయి.

రెండుసార్లు బెల్ కొట్టింది.

కుడిపక్కకి జరిగింది.

ఫాతిమా రోజూ లాగే ముందుకొచ్చింది. గీత దాటేసింది.

జనం ఒకటే నవ్వు. ఫాతిమా మాత్రం సైకిల్ పడేసి ఏడుపు. "ఒసేయ్ రత్నం, గెలిచేచోట బెల్ కొడతారటే ఎవరైనా!"

"నిజం చెప్పత్తా, కావాలనే ఇచ్చేశావు కదా?" అని అడిగాను.

"త్యాగమా, పాడా! అలిసిపోయాను, బెల్ కొట్టాను. గీత కనపడితే కొట్టేదాన్నా?"

ప్రైజ్ తీసుకోమని ఫాతిమా బతిమాలింది. అత్త ఒప్పుకోలేదు. గెలిచింది నువ్వు అంది.

కాలేజీలో చేరే రోజు ఫాతిమా ఆ కొత్త సైకిల్‌తో మా తాతయ్యగారి గుమ్మం ముందు దిగింది.

"సైకిల్ నాదే. ఇవ్వను. వెనకెక్కు" అంది అత్తతో.

లోపలికి చూసి, "మావయ్యగారూ, రత్నాన్ని కాలేజీకి తీసుకెళ్తున్నానండీ" అంది. తాతయ్య కాదనలేకపోయారు.

అదే సైకిల్ మీద ఇద్దరూ కాలేజీ చదువు పూర్తిచేశారు. సగం దూరం ఈవిడ తొక్కడం, సగం దూరం ఆవిడ. మారేచోట రెండు బెల్లులు.

అలా చదివి మా అత్త టీచరైంది. దివిసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఆడపిల్లలకు సైకిల్ నేర్పి, బందరు రోడ్ల మీద వరసలో తొక్కించింది. వాళ్ళలో కొందరు ఈ పోస్ట్ చదువుతారు. మీకు తెలుసు నేను దేని గురించి చెప్తున్నానో.

నాకు నలుగురిలో మాట్లాడాలంటే భయం. కాన్వెంట్ అడ్మిషన్‌కైనా, బ్యాంకుకైనా అత్తే ముందు నడిచేది. "నమస్కారమండీ" అని తనే మొదలుపెట్టేది. నేను వెనక హాయిగా నిలబడేదాన్ని. అంతలో నోటితో మెల్లగా "ట్రింగ్ ట్రింగ్" అని పక్కకి జరిగిపోయేది.

అప్పుడిక నేనే మాట్లాడాల్సి వచ్చేది. అత్తను ఎంత తిట్టుకునేదాన్నో.

నిన్న సాయంత్రం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్తారా అండీ?" అని అడిగారు.

నాన్న తల అడ్డంగా ఊపి కళ్ళు తుడుచుకున్నారు. నేను చెప్పుల వైపు చూస్తున్నాను. నా ముందు ఫాతిమా ఆంటీ నిలబడి ఉంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ట్రింగ్ ట్రింగ్" అంది.

కుడిపక్కకి జరిగింది.

నేను ముందుకెళ్ళాను. ఈ కథే చెప్పాను. గీత ముందు బెల్ అనగానే అందరూ నవ్వారు, నాన్నతో సహా. కోనేరు సెంటర్‌లో నవ్విన జనం కంటే గట్టిగానే నవ్వి ఉంటారు.

అత్తా, మిగిలిన ఆ ఎపిసోడ్ ఫాతిమా ఆంటీతో చూస్తాను. ఎవరు అలిసిపోయారో ఆవిడా చెప్పగలదు.

ఎదురుగాలి లేని చోట ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.

ఇక పక్కకి జరుగు. ముందు నేనున్నాను.